ఇంటిపన్ను మేళం

మార్చి నెలాఖరు.
యార్డులోని మిరపఘాటు
లాలాపేట దాకా నడిచొచ్చి ముక్కులో కూర్చుంది.
కమిషనరు గారి ఉత్తర్వు నేనే చదివి వినిపించాను:
"మొండి బకాయిదారుల గుమ్మాల ముందు
అరగంటకు తక్కువ కాకుండా మేళం వాయించవలెను."
పెద కాశిం మేస్త్రీ కార్నెట్టు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.
"ఏ పాట సార్?" అన్నాడు.
ఉత్తర్వులో ఆ గడి లేదు.

మెర్రీ బాయ్స్ బ్రాస్ బ్యాండు, సంగడిగుంట.
బాయ్స్‌లో అందరికన్నా చిన్నవాడికి నలభై ఆరు.
తొమ్మిది ఎర్రకోట్లు, చంకల్లో ఉప్పు చారలు.
చింతపండు పెట్టి తోమిన మోషే యుఫోనియంలో
నా మొహం, నా బిల్లు పుస్తకం
వంకరగా, చాలా పెద్దగా కనబడ్డాయి.

వీళ్ళ గాలి తగలని వీధేది ఈ వార్డులో?
మట్టల ఆదివారం నాడు పిల్లల ముందు,
పీర్లు లేచిన రాత్రి గుండం పక్కన,
వినాయకుడి ట్రాక్టరు ముందు,
గెలిచిన కౌన్సిలరు ముందు,
ఆర్నెల్లకి కండువా మార్చిన అదే కౌన్సిలరు ముందు.
నా పెళ్ళికీ వీళ్ళే.
మా నాన్నని సాగనంపిన పొద్దున కూడా
పిలవకుండానే వచ్చారు.
డబ్బులు వాళ్ళు అడగలేదు.
నేనూ ఇవ్వలేదు.

మొదటి గుమ్మం పత్తి వ్యాపారిది.
డ్రమ్ము మోగగానే పక్కింటి ముసలమ్మ
పెళ్ళివారనుకుని అక్షింతల పళ్ళెంతో బయటికొచ్చింది.
పది నిమిషాల్లో చెక్కు రాశాడు పెద్దమనిషి.
పైగా మేస్త్రీ జేబులో అయిదొందలు కుక్కి
"ఇంకోటి వెయ్యండి, హుషారైంది" అన్నాడు,
పన్ను కట్టింది కాదు, ఎలక్షన్ గెలిచినట్టు.

మూడో గుమ్మం శేషారత్నం టీచరు గారిది.
చచ్చిపోయిన తమ్ముడి పేరు మీద ఇల్లు,
కాయితం మారదు, బకాయి ఆగదు.
నేను వాచీ చూసి తల ఊపాను.
మేస్త్రీ కార్నెట్టు ఎత్తాడు.
బుగ్గలు పొంగాయి, వేళ్ళు మీటల మీద ఆడాయి,
మెడ నరాలు తేలాయి.
శబ్దం రాలేదు.
మోషే ఊదుతున్నాడు. శబ్దం లేదు.
అంకబాబు పుల్లలు రెండూ
చర్మానికి వేలెడు ఎత్తున ఆగి
గాలినే కొడుతున్నాయి.
మీటల టికటిక తప్ప
తొమ్మిది మంది వాయిస్తున్నది
వీధి మొత్తం కళ్ళతో వింటోంది.

ఉత్తర్వులో "వినబడునట్లు" అని ఉందా అని
నేను కాయితం తిప్పి చూసుకుంటుండగా
తలుపు తెరుచుకుంది.
కళ్ళజోడు పైకి తోసి
ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చిందావిడ.
"ఆ చివరోడు అంకబాబేనా? నిటారుగా నుంచో.
ఏంట్రా ఇది, తీసుకున్న కూలికి పని చెయ్యరా?
వాయించండి."

అప్పుడు వాయించారు.
మున్సిపల్ స్కూల్లో ఏటా జెండా ఎగిరేటప్పుడు
వాయించే కవాతు దరువు అది.
సగం మెట్లు తప్పాయి, మోషేకి దగ్గొచ్చింది.
గుమ్మంలో ఆవిడ, చేతులు పక్కలకి ఆనించి,
అయిపోయే దాకా కదల్లేదు.
ఎదురింటి మేడ మీద ఎవడో పిల్లాడు
ఎందుకో తెలీకుండానే సెల్యూట్ కొట్టాడు.

తరవాత మంచినీళ్ళు తెచ్చింది.
తొమ్మిది గ్లాసులు.
నాది కడిగి మళ్ళీ తెచ్చింది, ఆఖర్న.

రిజిస్టర్లో రాశాను:
వాయించబడినది. వసూలు: నిల్.

ఆఫీసులో నా సొరుగు అడుగున
వాళ్ళ ఆగస్టు పదిహేను బిల్లు ఉంది.
పదకొండు మంది అని రాశారు,
ఫొటోలో తొమ్మిదే ఉన్నారని
ఎర్రసిరాతో ఆపింది నేనే.
మిగతా ఇద్దరూ జెండాకర్ర వెనక పడ్డారట.
ఆ ఇద్దరిలో ఒకడు డిసెంబర్లో పోయాడు.
ఈ ఎర్రకోట్లన్నీ ఆ రోజు
అతని వెనక నడిచాయని విన్నాను. వెళ్ళలేదు.

సొరుగు తీశాను. మూశాను. మళ్ళీ తీశాను.

రేపు ఇంకో పద్నాలుగు గుమ్మాలు.
పొద్దున్నే కాశిం మేస్త్రీ
కార్నెట్టు నోరు చొక్కా అంచుతో తుడుచుకుంటూ
అదే అడుగుతాడు నన్ను,
ఏ పాట సార్, అని.